అక్వేరియంలో పగడాలా? ముందు పేరు, తర్వాత చోటు!

మా చోడవరం ఇంట్లో నా టేబుల్ మీద 60 లీటర్ల గాజు తొట్టె ఒకటుంది. చూసినవాళ్లంతా అడిగేది ఒకటే: 'ఈ మొక్కలు ఎక్కడివి?' అవి మొక్కలు కావు, జంతువులు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు 'ప్రవాళ భిత్తికలు' గుర్తుంటాయి కదా, వాటిని కట్టే పగడాలకు ఇవి చుట్టాలు.

బీటెక్ అయ్యాక ఆఫర్ లెటర్ వచ్చింది కానీ జాయినింగ్ డేట్ రాలేదు. ఆ ఖాళీలో పట్టుకున్న పిచ్చి ఇది. ఆన్‌లైన్‌లో ఎవరో 'హ్యామర్ కోరల్' అమ్ముతుంటే 1,500 రూపాయలు అడ్వాన్స్ పంపేశాను. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పరీక్షకు చదువుతున్న ఫ్రెండ్‌కి ఫొటో చూపించా. 'ఒరేయ్, ఇది షెడ్యూల్-1 రా' అన్నాడు. నమ్మలేదు. పుస్తకం తెచ్చి చూపించాడు.

వాడు చెప్పింది నిజం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో పులి ఉన్న షెడ్యూల్-1లోనే గట్టి పగడాలన్నీ ఉన్నాయి. నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్లు కూడా అంతే. వీటిని 2001లో చేర్చారు, 2022 సవరణ తర్వాతా కొనసాగుతున్నాయి. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా. అలంకారం కోసం పెట్టుకునే చచ్చిన పగడపు రాయికీ మినహాయింపు లేదు. సరిగ్గా ఆ వారమే కంపెనీవాళ్లు నా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ మొదలుపెట్టారు! ఆర్డర్ రద్దు చేసుకున్నా. అడ్వాన్స్ మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి విదేశీ వీడియోలు చూసి జాబితా రాసుకోకండి. వాటిలో మెరిసిపోయే ఆక్రోపోరా, యూఫిలియా అన్నీ గట్టి పగడాలే. పైన చెప్పిన గుంపుల్లో లేనివి లెదర్ కోరల్, జోయాంథిడ్‌లు, డిస్కోసోమా లాంటి మష్రూమ్‌లు. ఇక్కడా ఒక మెలిక ఉంది. ఫంజియా అనే గట్టి పగడాన్నీ 'మష్రూమ్' పేరుతోనే అమ్ముతారు. అందుకే వాడుక పేరు కాదు, శాస్త్రీయ నామం అడగండి. బిల్లు అడగండి. విదేశం నుంచి తెప్పించాలంటే అనుమతులు తప్పనిసరి. అనుమానం ఉంటే కొనకముందే అటవీశాఖ డివిజన్ ఆఫీసులో కనుక్కోండి. బీచ్ నుంచి మాత్రం ఏదీ ఏరి తేవద్దు.

ఇక ఎక్కడ పెట్టాలి? ఇదే అసలు ఇంజినీరింగ్. తొట్టెలో కాంతి పైన ఎక్కువ, అడుగున తక్కువ. వేవ్‌మేకర్ ముందు నీటి వేగం ఎక్కువ, మూలల్లో తక్కువ. పగడం ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలు కాంతితో ఆహారం తయారుచేసి దానికి పెడతాయి. అలాగని ఎక్కువ కాంతి ఇస్తే మేలు జరగదు. నా మొదటి మష్రూమ్‌ని ఎల్‌ఈడీ కింద పై రాయి మీద పెడితే వారంలో ముడుచుకుని పాలిపోయింది. అడుగున, నీరు నెమ్మదిగా కదిలే చోటికి మార్చాక తేరుకుంది. జోయాంథిడ్‌లకు మధ్య అంతస్తు సరిపోయింది. లెదర్‌కి కాస్త కదలిక కావాలి. అది అప్పుడప్పుడూ ఒంటి మీద మైనం లాంటి పొర వేసుకుని, ప్రవాహంలో వదిలేస్తుంది. ఆ రోజుల్లో ముడుచుకుంటే చచ్చిపోయిందని కంగారుపడకండి. కొత్తది ఏదైనా ముందు కింద పెట్టి, ఒకటి రెండు వారాల్లో మెల్లగా పైకి జరపండి.

పొరుగువాళ్లతో తగువు ఇంకో సమస్య. లెదర్‌కి కుట్టే సత్తా పెద్దగా లేదు కానీ, నీటిలోకి టెర్పీన్‌లనే రసాయనాలు వదులుతుంది. నేను దాన్ని వేవ్‌మేకర్ ముందు పెట్టడంతో ఆ నీరంతా తిన్నగా జోయాంథిడ్‌ల మీదికి వెళ్లేది. రోజుల తరబడి అవి విచ్చుకోలేదు. లెదర్‌ని ప్రవాహం చివరికి మార్చి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ వేశాక దారికొచ్చాయి. చిన్న తొట్టెలో నీరు తక్కువ కాబట్టి ఈ గొడవలు ఎక్కువ. జెనియా ముచ్చటగా ఊగుతుంది గానీ, కలుపు మొక్కలా పాకేస్తుంది. పెట్టాలనుకుంటే విడిగా ఒక రాయి మీద పెట్టండి.

ఒక హెచ్చరిక. జోయాంథిడ్‌లలో కొన్నింట్లో పాలీటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. అవి అంటుకున్న రాయిని ఎప్పుడూ వేడినీళ్లలో మరిగించవద్దు. ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు.

మిగతాది ఓపిక. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు, అదీ వంటుప్పు కాదు, అక్వేరియం సాల్ట్. ఆవిరైన నీటి స్థానంలో ఉప్పునీరు కాదు, ఆర్‌ఓ నీరు పోయాలి. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చేదాకా, అంటే నెలో నెలన్నరో, పగడం కొనకండి. ఉష్ణోగ్రత 24-27 డిగ్రీలుండాలి. మా వైపు మే నెలలో అదే నరకం. నీటి మీద ఫ్యాన్ పెడితే రెండు డిగ్రీలు తగ్గుతుంది కానీ, గాలిలో తేమ ఎక్కువున్న రోజు అదీ అంతంతమాత్రమే. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంప్ దిక్కు. 'ఉప్పునీళ్లకి ఇంత సేవా నాన్నా!' అంటుంది అమ్మ.

ఫ్యాన్ దానంతటదే ఆన్ అయ్యేలా ఈఎస్‌పీ32 బోర్డు, డీఎస్18బీ20 సెన్సర్‌తో చిన్న కంట్రోలర్ చేసుకున్నా. తర్వాతి ఉద్యోగం ఇంటర్వ్యూలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు గురించి రెండు ప్రశ్నలే వేశారు. దీని గురించి మాత్రం చాలాసేపు అడిగారు. సెన్సర్ చెడితే ఏం జరుగుతుంది, ఫ్యాన్ ఆగకుండా తిరిగితే ఉప్పు శాతం ఏమవుతుంది అని. అన్నీ నాకు నిజంగా జరిగినవే కాబట్టి తడుముకోలేదు.

దీన్నే వృత్తిగా చేసుకోవాలనుకునే బైపీసీ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఏపీ ఈఏపీసెట్ ద్వారా బీఎఫ్‌ఎస్సీలో చేరొచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెరైన్ లివింగ్ రిసోర్సెస్ విభాగం ఉంది. విశాఖలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అదే సీఎంఎఫ్‌ఆర్‌ఐ, ప్రాంతీయ కేంద్రమూ ఉంది. క్లౌన్‌ఫిష్ లాంటి అలంకార చేపల్ని హేచరీలో పెంచే పద్ధతుల మీద ఆ సంస్థ ఏళ్లుగా పనిచేస్తోంది. మీ తొట్టెకి చేప కావాలన్నా, సముద్రంలో పట్టింది కాకుండా హేచరీలో పుట్టింది అడగండి.

ఇప్పుడు నా తొట్టెలో ఉన్నవి మూడే మూడు. ఒక్కోదాని మధ్య జానెడు ఖాళీ ఉంచాను. జోయాంథిడ్‌లు అప్పుడే అటు జరగడం మొదలుపెట్టాయి.