విశ్వాసం – బలవంతం: అల్కుయిన్ హితవు

బలప్రయోగంతో ఎవరినీ విశ్వాసిగా మార్చరాదని దివ్య ఖుర్ఆన్ బోధిస్తున్నది (అల్ బఖరా: 256). హిజ్రీ రెండవ శతాబ్దిలో ఐరోపాకు చెందిన ఒక క్రైస్తవ పండితుడు సైతం తన రాజుకు ఇంచుమించు ఇదే హితవు చెప్పవలసి వచ్చింది. ఆయన పేరు అల్కుయిన్.

అది క్రీ.శ. 8వ శతాబ్ది చివరి భాగం. నేటి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతం నాడు రేనాడు. 6వ శతాబ్దిలోనే కలమళ్లలో తెలుగు శాసనం వేయించిన రేనాటి చోళుల సీమ అది. బాగ్దాదులో ఖలీఫా హారూన్ రషీద్ (786–809), పశ్చిమ ఐరోపాలో ఫ్రాంకుల రాజు షార్లమేన్ పాలిస్తున్నారు. ఖలీఫా కానుకగా పంపిన ఏనుగు 802లో షార్లమేన్ రాజధాని ఆఖెన్ చేరింది.

అల్కుయిన్ సుమారు 735లో ఇంగ్లండు ఉత్తర భాగంలో జన్మించి, యార్క్ విద్యాలయంలో చదివి, అక్కడే గురువైనాడు. 781లో ఇటలీలోని పార్మాలో షార్లమేన్‌ను కలిశాడు. రాజు ఆహ్వానంపై ఆస్థాన విద్యాలయానికి పెద్ద అయినాడు. 796లో టూర్ నగరంలోని సెయింట్ మార్టిన్ మఠానికి అధిపతిగా నియమింపబడి, 804లో మరణించేవరకు అక్కడే ఉన్నాడు.

ఆ కాలంలో షార్లమేన్ సాక్సన్ జాతిని జయించి, వారిపై క్రైస్తవాన్ని రుద్దాడు. 782లో వెర్డెన్ వద్ద ఒకే రోజున 4,500 మందిని వధించినట్లు ఫ్రాంకుల రాజవృత్తాంతమే చెబుతున్నది. బాప్తిస్మం నిరాకరించినవారికి మరణశిక్ష అని చట్టం వచ్చింది. దానికి తోడు ప్రజల రాబడిలో పదోవంతు చర్చికి చెల్లించాలన్నారు.

796లో అల్కుయిన్ రాజుకూ, ఆయన అధికారులకూ లేఖలు వ్రాశాడు. మనిషిని నీటిలో ముంచవచ్చును గాని, అతని మనస్సులో విశ్వాసాన్ని బలవంతంగా నాటలేమన్నది వాటి సారాంశం. ముందు బోధ, తర్వాతనే బాప్తిస్మం అన్నాడు. కొత్తగా మతం స్వీకరించినవారిపై పదోవంతు భారం మోపితే వారు మతాన్నే ద్వేషిస్తారని హెచ్చరించాడు. మరుసటి సంవత్సరమే, 797లో, సాక్సన్ల కోసం మెత్తని చట్టం వెలువడింది. అనేక నేరాలకు మరణశిక్ష స్థానంలో జరిమానాలు వచ్చాయి.

అల్కుయిన్ రాజు యుద్ధాలను ఖండించలేదు. అది ఆయన పరిమితి. అయినా విజేత కొలువులో ఉంటూ, ఓడినవారి మనస్సు గురించి మాట్లాడటం సామాన్యమైన విషయం కాదు.

భిన్న మతాలవారు ఇరుగుపొరుగులుగా బ్రతికే రేనాటి ఊళ్లలో ఈ చరిత్ర ఆలోచించదగినది. సందేశం అందజేయటం విశ్వాసి బాధ్యత. హృదయాలను మార్చేవాడు అల్లాహ్ మాత్రమే.