ప్రళయం తర్వాత... ఆడా? మగా?

మన సినిమాల్లో కథ కంటే ముందు ఖాయమయ్యేది హీరో. ఆయన కాల్షీట్లు దొరికాక కథని ఆయన కొలతలకి కుడతారు. ఓ ఫైటు పెరుగుతుంది, ఓ పాట పెరుగుతుంది, తల్లి సెంటిమెంటు ఎటూ ఉండనే ఉంది. హీరోయిన్ ఎవరన్నది షూటింగ్ దగ్గరపడ్డాక చూసుకుంటారు. "ఇదే కథని అమ్మాయి మీద నడిపితే ఎలా ఉంటుంది?" అని అడిగే నిర్మాత ఏ పదేళ్లకో ఒకడు తగులుతాడు. ఇక ప్రేక్షకుణ్ణి అడిగేదెవరు? టిక్కెట్టు కొనుక్కుని కూర్చోవడం వరకే మన వంతు!

అలాంటిది, కథ మొదలవకముందే "ఇందులో హీరో మగవాడా, ఆడపిల్లా? మీరే చెప్పండి" అని మనల్నే అడిగితే? వీడియో గేముల్లో ఓ రకం ఆటలు ఆ పనే చేస్తాయి. వాటిని రోల్ ప్లేయింగ్ గేములంటారు. అంటే మనం ఓ వేషం కట్టి, ఆ వేషంలోనే మాట్లాడుతూ, కొట్లాడుతూ, తప్పులు చేస్తూ కథ నడిపించుకోవాలన్నమాట. వీటిలో కూడా అణుయుద్ధం జరిగి లోకం బూడిదైపోయాక నడిచే కథలున్నాయే, వాటిలో ఈ ఆడా మగా ప్రశ్న మరీ ఆసక్తికరం. ఎందుకంటారా? ఊళ్లు పోయాయి, కోర్టులు పోయాయి, ప్రభుత్వాలు పోయాయి. మరి "ఆడవాళ్లు ఇలా ఉండాలి, మగవాళ్లు అలా ఉండాలి" అన్న పాత కట్టుబాట్లు కూడా పోయాయా, లేక బూడిదలోంచి మళ్లీ మొలిచాయా? కథ రాసినవాడు మనకి చెప్పకుండానే దీనికో జవాబు చెప్పేస్తాడు. ఆ జవాబు ఏమిటో తెలియాలంటే ఓసారి మగవాడిగా, ఓసారి ఆడపిల్లగా ఆడి చూడాలి.

ఈ జాతి ఆటల్లో మకుటంలేని మహారాజు 'ఫాలౌట్'. మొదటిది 1997లో అమెరికాలో ఇంటర్‌ప్లే కంపెనీ విడుదల చేసింది. కథేమిటంటే... 2077 అక్టోబరు 23న బాంబులు పడ్డాయి. కొంతమంది వాల్ట్ అనే నేలమాళిగల్లో తలదాచుకున్నారు. 2161లో పదమూడో నంబరు వాల్ట్‌లో నీళ్లు శుద్ధిచేసే యంత్రం చిప్ పాడైంది. 150 రోజుల్లో కొత్తది తేవాలి. తేవడానికి పైలోకంలోకి ఒక్కరే వెళ్లాలి. ఆ ఒక్కరు మీరు.

సొంతంగా పాత్రని తయారుచేసుకునే ఓపిక లేనివాళ్లకి ముగ్గుర్ని సిద్ధంగా ఉంచారు. కండబలం ఉన్న మాక్స్ స్టోన్, మాటకారి అల్బర్ట్ కోల్, పిల్లిలా నడిచే నటాలియా. ఈ నటాలియా ఓ రష్యన్ దౌత్యవేత్త మనవరాలు. ముగ్గురిలో ఒకతె ఆడపిల్ల కావడం కాదు విశేషం. బలం, పసిగట్టే శక్తి, ఓర్పు, ఆకర్షణ, తెలివి, చురుకుదనం, అదృష్టం... ఈ ఏడింటికీ ఒకటి నుంచి పది దాకా మార్కులుంటాయి. ఆడైనా మగైనా అవే మార్కులు, అదే గరిష్ఠం. ఇందులో గొప్పేముంది అంటారేమో! ఈ ఆటలన్నిటికీ తాతలాంటిది కాగితం, పాచికలతో ఆడే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. దాని 1978 నాటి రూల్సు పుస్తకంలో ఆడ పాత్ర బలం ఫలానా గీత దాటకూడదని రాసిపెట్టారు. రాక్షసులుండొచ్చు, మంత్రాలుండొచ్చు, నిప్పులు కక్కే డ్రాగన్లుండొచ్చు. బలమైన ఆడమనిషి మాత్రం నమ్మశక్యం కాదు! 1989లో వచ్చిన రెండో కూర్పులో గానీ ఆ గీత పోలేదు.

ఎత్తుకెళ్లిన పిల్ల ప్రెసిడెంటైంది

మొదటి 'ఫాలౌట్'లో మనకి బాగా తెలిసిన సీనొకటుంది. ఊరిపెద్ద కూతురు తాండీని బందిపోట్లు ఎత్తుకుపోతారు. మీరు వెళ్లి విడిపించాలి. మన లెక్క ప్రకారం ఆ తర్వాత ఓ డ్యూయెట్టు, క్లైమాక్స్‌లో పెళ్లి. ఇక్కడ అదేం లేదు. మరుసటి ఏడాది, 1998లో 'ఫాలౌట్ 2' వచ్చింది. దాంట్లో కథ 80 ఏళ్లు ముందుకు జరిగింది. చూస్తే, ఆ తాండీయే కొత్త కాలిఫోర్నియా రిపబ్లిక్‌కి ప్రెసిడెంటు! ఒకటీ రెండూ కాదు, 52 ఏళ్లు ఆ కుర్చీలో కూర్చుందని కథ చెబుతుంది. ఇలాంటి సీక్వెల్ రాసే ధైర్యం మన రచయితలకెప్పుడు వస్తుందో!

'ఫాలౌట్ 2'లోనే మోడాక్ అనే ఊరుంది. అక్కడ కబేళా నడుపుకునే గ్రిషమ్‌కి ఓ కొడుకు, ఓ కూతురు. వాళ్లిద్దరిలో ఎవరితో మీరు సరసమాడుతూ దొరికినా తండ్రి తుపాకీ పట్టుకొచ్చి పెళ్లి చేసేస్తాడు. పల్లెటూరి పంచాయితీ సీనే అనుకోండి. కాని కిటుకు ఎక్కడుందంటే, మీరు మగవాడై కొడుకుతో దొరికినా, ఆడపిల్లవై కూతురితో దొరికినా ఆయన తుపాకీ దించడు, పెళ్లీ ఆగదు. లోకంలో అలాంటి పెళ్లిని మొట్టమొదట చట్టబద్ధం చేసిన నెదర్లాండ్స్‌లో ఆ పని జరిగింది 2001లో. కబేళా గ్రిషమ్ దానికి మూడేళ్లు ముందే ఉన్నాడన్నమాట.

"అమ్మాయా? అబ్బాయా?"

తర్వాత ఈ ఆట హక్కులు బెథెస్డా కంపెనీ చేతికి వచ్చాయి. 2008లో వాళ్లు తీసిన 'ఫాలౌట్ 3' మొదటి సీను ఈ వ్యాసానికి ఆయువుపట్టు. తెరంతా మసకమసకగా ఉంటుంది. గుండె చప్పుడు. ఓ డాక్టరు వంగి చూస్తాడు. ఆయనే మీ నాన్న. గొంతు ఎవరిదనుకున్నారు? 'షిండ్లర్స్ లిస్ట్' హీరో లియమ్ నీసన్‌ది! అమ్మాయా, అబ్బాయా అని ఆయన ఆరా తీస్తాడు, జవాబు మీరు నొక్కాలి. పుట్టబోయేది ఎవరో పుట్టేవాళ్లే చెప్పుకునే చిత్రం ఇది.

మన ఆస్పత్రి వరండాల్లో ఈ ప్రశ్నకి జవాబు వినగానే కొన్ని మొహాలు విప్పారతాయి, కొన్ని చిన్నబోతాయి. నాయనమ్మ లేచి బయటికి వెళ్లిపోయిన ఇళ్లున్నాయి. తెరమీద ఈ నాన్న మొహం చూడండి, ఏ బొత్తాం నొక్కినా ఆయన మురిసిపోతాడు. ఆ కాసేపటికే తల్లి చనిపోతుంది. బిడ్డని ఒంటిచేత్తో పెంచుతాడు. పదో పుట్టినరోజుకి ఆయనిచ్చే కానుక ఎయిర్‌గన్. కొడుకైనా ఎయిర్‌గనే, కూతురైనా ఎయిర్‌గనే. గౌను కుట్టించాలన్న ఆలోచనే ఆయనకి రాదు. సైన్యాలు, రాక్షసులు, పేలుళ్లు ఉన్న ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ ఎయిర్‌గనే.

అద్దం ముందు ఇద్దరు

ఇంత బాగా మొదలెట్టినవాళ్లు 2015లో 'ఫాలౌట్ 4' దగ్గర తడబడ్డారు. ఈసారి బాంబులు పడే రోజు ఉదయం. స్నానాలగదిలో అద్దం ముందు భార్యాభర్తలు నిలబడి ఉంటారు. భర్త నేట్, మాజీ సైనికుడు. భార్య నోరా, లా చదివింది. ఇద్దరిలో ఎవరు కావాలో తేల్చుకోండి. తేల్చుకున్నవాళ్లు బతుకుతారు, రెండోవాళ్లు చచ్చిపోతారు. ఎంత క్రూరమైన ప్రశ్నో, అంత మంచి ఆలోచన! పైగా మొదటిసారి హీరోకి గొంతు పెట్టారు. బ్రయన్ డెలానీ, కోర్ట్‌నీ టేలర్ చెరో 13 వేల డైలాగులకి డబ్బింగ్ చెప్పారు. మన హీరోలు పది సినిమాలకి చెప్పినా అన్ని రావు.

కాని ఆట మొదట్లో వ్యాఖ్యానం ఎప్పుడూ నేట్ గొంతే. మీరు నోరాని ఎంచుకున్నా, తెర లేవగానే యుద్ధం గురించీ తాతముత్తాతల గురించీ చెప్పేది మొగుడే. పోనీ, సర్దుకుందాం. గంట తిరక్కుండానే ఈ లాయరమ్మ ఇనుప కవచం తొడిగి, మరతుపాకీ పట్టుకుని, మేడంత బల్లిలాంటి డెత్‌క్లాని నేలకూలుస్తుంది. నేట్ చేశాడంటే సైన్యంలో నేర్చుకున్నాడనుకుంటాం. ఈవిడ ఎక్కడ నేర్చుకుంది? ఒక్క ముక్క చెప్పరు. పోనీ లా చదువు తర్వాతైనా అక్కరకొస్తుందా అంటే, దాదాపుగా ఎక్కడా రాదు. పట్టా మాత్రం ఇంట్లో ఫ్రేము కట్టి ఉంటుంది. అంటే కథ మగవాడికి రాశారు, చీర తర్వాత కట్టారు. ఇద్దరికీ ఒకే డైలాగులిస్తే సమానత్వం వచ్చేసిందనుకోవడం మన నిర్మాతలు కూడా చేసే పనే. లేడీ ఓరియంటెడ్ అని పేరు పెట్టి, హీరోగారి పాత ఫైట్లే హీరోయిన్ చేత చేయిస్తారు కదూ!

అయినా ఒక్క సీనుకి దండం పెట్టాలి. వాల్ట్‌లో దుండగులు పసిబిడ్డని లాక్కోవడానికొస్తారు. అప్పుడు బిడ్డ ఎవరి చేతిలో ఉంటాడంటే, మీరు ఎంచుకోని మనిషి చేతిలో. మీరు నోరా అయితే బిడ్డని గుండెకి హత్తుకుని, ఇవ్వనని మొండికేసి తూటాకి బలయ్యేది తండ్రి. ఆ తర్వాత ఆయుధం పట్టుకుని బిడ్డని వెతుక్కుంటూ బయల్దేరేది తల్లి. ఈ ఒక్కచోట మాత్రం వేషం మారితే కథ రుచే మారిపోయింది.

ఇక్కడో ముచ్చట. ఈ ఆటల్లో అమ్మాయిగా ఆడేవాళ్లంతా అమ్మాయిలు కారు. కుర్రాళ్లు చాలామంది ఆడవేషమే కడతారు. అడిగితే "అన్ని గంటలు వెనకనుంచి చూస్తూ కూర్చోవాలి, ఎవడినో చూసే కంటే..." అని నవ్వేస్తారు. అది సగం నిజం. వేరే మనిషి కావడంలో ఓ మజా ఉంది. స్థానం నరసింహారావుగారు సత్యభామగా రంగస్థలం మీదికొస్తే జనం ఆయన మగవాడన్న సంగతే మరిచిపోయేవారట. ఆ మజా చూసేవాడికెంతో, కట్టేవాడికీ అంతే. మరి అమ్మాయిల సంగతి? వాళ్లకిది వేషం కాదు. చిన్నప్పట్నుంచీ హీరో గెలిస్తే ఈల వేసి, హీరోయిన్ కాపాడబడితే నిట్టూర్చి ఇంటికొచ్చిన పిల్ల, మొదటిసారి తనలాంటి మనిషిగా ఊరిని కాపాడుతుంది. అది చిన్న సంగతేం కాదు.

అన్నట్టు, ఇన్ని 'ఫాలౌట్'లలోనూ బొత్తాలు రెండే. మన సుప్రీంకోర్టు మూడో జెండర్‌ని 2014లోనే గుర్తించింది. 2287లో నడిచే కథకి ఆ సంగతి ఇంకా తెలియలేదు!

లూసీ వెళ్లిన ఊరు

2024 ఏప్రిల్లో అమెజాన్ 'ఫాలౌట్'ని వెబ్ సీరీస్‌గా తెచ్చింది. సీరీస్ అన్నాక బొత్తాలుండవు, రచయితలే ఎంచుకోవాలి. వాళ్లు అమ్మాయినే ఎంచుకున్నారు. ఎల్లా పర్నెల్ వేసిన లూసీ, తండ్రిని వెతుక్కుంటూ వాల్ట్ దాటి బయటికొస్తుంది. 'ఫాలౌట్ 3' ఆడినవాళ్లకి ఇది తెలిసిన దారే. మొదటి సీజన్ చివరి షాట్‌లో దూరంగా ఓ ఊరు కనిపిస్తుంది. అదే న్యూ వేగాస్. నన్నడిగితే ఆడా మగా అన్న ప్రశ్నకి అసలైన జవాబు చెప్పింది ఆ ఊరి ఆటే.

2010లో ఆబ్సిడియన్ సంస్థ తయారుచేసిన 'ఫాలౌట్: న్యూ వేగాస్'లో మీరు ఓ కొరియర్. మొదటి సీన్లోనే గళ్ల కోటు వేసుకున్న బెన్నీ మీ తలమీద కాల్చి గోతిలో పూడ్చేస్తాడు. బెన్నీకి గొంతిచ్చింది 'ఫ్రెండ్స్' ఫేమ్ మాథ్యూ పెర్రీ. బతికి బయటపడ్డాక పగ తీర్చుకోవడానికి వెళ్తారు. ఇక్కడ వేషం పనిచేస్తుంది. ఆడపిల్లగా ఆడుతూ 'బ్లాక్ విడో' అనే విద్య సంపాదించి ఉంటే, బెన్నీని మాటల్లో పెట్టి అతని గదిదాకా వెళ్లొచ్చు. అతను నిద్రపోయాక ఏం చెయ్యాలో మీ ఇష్టం. విలన్ డెన్‌లో హీరోయిన్ మారువేషంలో పాట పాడి తాళాలు కొట్టేసే సీను మనం ఎన్నిసార్లు చూడలేదు! మగవాళ్లకి 'లేడీ కిల్లర్' అనే విద్య ఉంది. అంతటితో ఆగకుండా, మగవాళ్లని ఇష్టపడే మగవాడికి 'కన్‌ఫర్మ్‌డ్ బ్యాచిలర్', ఆడవాళ్లని ఇష్టపడే ఆడపిల్లకి 'షెర్షే లా ఫామ్' అని మరో రెండు పెట్టారు. ఆర్కేడ్ గానన్ అనే డాక్టరు మామూలుగా చాలా బతిమాలితే గానీ వెంటరాడు. కన్‌ఫర్మ్‌డ్ బ్యాచిలర్ నాలుగు మాటలు మాట్లాడితే చాలు, సంచి సర్దుకుంటాడు.

అసలు పరీక్ష నదికి అవతల ఉంది. ఇవతల రిపబ్లిక్ సైన్యంలో ఆడవాళ్లు కర్నళ్లు కూడా. అవతల సీజర్ లీజియన్‌లో మగవాళ్లు సిపాయిలు, ఆడవాళ్లు బానిసలు. ఒకే ప్రళయం, ఒకే బూడిద, రెండు ఒడ్లు. మీరు ఆడపిల్ల అయితే సీజర్ డేరాకి వెళ్లే దారిలో మూపున బరువులు మోస్తున్న ఆడవాళ్లు కనిపిస్తారు. సిపాయిలు మిమ్మల్ని చూసి చులకనగా మాట్లాడతారు. అయినా సీజర్ మీకు పని అప్పగిస్తాడు, మీరు ఒప్పుకుంటే అతన్ని గెలిపించొచ్చు కూడా. మగవాడిగా ఆడినప్పుడు ఆ దారి ఉత్త దారే. ఆడపిల్లగా నడిస్తే ప్రతి అడుగు లెక్కకొస్తుంది. డైలాగులు పెద్దగా మారలేదు, నడిచే మనిషి మారింది, అంతే.

ఆడి చూడాలనిపిస్తే రెండుసార్లు ఆడండి. మొదటిసారి మీలా, రెండోసారి మీరు కానివాళ్లలా. గోతిలోంచి తీసి కుట్లు వేసిన ముసలి డాక్టరు మిచెల్ చేతికి అద్దంలాంటి యంత్రం ఇచ్చి, మొహం సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోమంటాడు. తొందరపడకుండా చూసుకోండి. బెన్నీ గదిలోకి వెళ్లినప్పుడు మాత్రం కాస్త జాగ్రత్త, అతను మిమ్మల్ని ఒకసారి చంపాడు!