చేపలతొట్టి నీరు మార్చడం ఎలా?

తొట్టిలో నీరు మురికి కాగానే చేపలను గిన్నెలో వేసి, తొట్టినంతా బోర్లించి కడిగేస్తున్నారా? శ్రమకు శ్రమ, చేపలకు ప్రాణాపాయం! చేపలు విసర్జించే అమ్మోనియా వాటికే విషం. దాన్ని నైట్రైటుగా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే బాక్టీరియాలు అడుగున ఇసుకలోనే కాపురముంటాయి. ఇసుకను తోమి కడిగితే అవీ పోతాయి.

వారానికి నాలుగోవంతు నీరు మారిస్తే చాలు. తొట్టిని కదిలించనక్కరలేదు. ప్లాస్టిక్ గొట్టాన్ని మంచినీటితో నింపి, రెండు కొసలూ బొటనవేళ్లతో మూయండి. ఒక కొసను తొట్టిలో ముంచి, రెండోదాన్ని నేలమీది బకెట్టులోకి దించి వేళ్లు తీయండి. నీరు అంచు ఎక్కి దానంతటదే దిగుతుంది! ఇదే సైఫన్. బయటి కొస తొట్టి నీటిమట్టం కన్న కిందుగా ఉండటమే కిటుకు. దిగే వైపు నీటి బరువు ఎక్కువ. తొట్టి నీటిమీది గాలి పీడనం వెనుకనుంచి నెడుతుంది. బయటి కొసను మెల్లగా ఆ మట్టం దాకా ఎత్తి చూడండి, ధార ఆగిపోతుంది. నోటితో మాత్రం పీల్చకండి, అది చేపల మలం కలిసిన నీరు!

కుళాయినీటిలోని క్లోరిన్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. అందుకని కొత్తనీటిని ముందురోజే వెడల్పు బకెట్టులో పట్టి, మూత పెట్టకుండా ఉంచండి. తీసిన పాతనీటిని పారబోయకండి సుమా! అందులోని నైట్రేటు మీ గులాబీమొక్కకు ఎరువు.