పోటునీటి మీద పడవ: నీటిని గూర్చిన కొన్ని అపోహలు

అప్పనపల్లి బాలబాలాజీని సేవింప వచ్చిన యాత్రికుడు రేవున నిలిచి గోదావరి పాయయైన వైనతేయను చూచునప్పుడు, ఆ నీరు ఎల్లవేళల సముద్రమునకే పోవుచున్నదని తలచుట సహజము. దిండి మొదలైన చోట్ల హౌస్‌బోట్లు తిరుగుచున్న ఈ కాలమున, ఆ తలంపునుండియే మిక్కిలి హానికరమైన అపోహ యొకటి పుట్టినది. పాఱు నీటికి మైల లేదు గనుక, పడవ మరుగుదొడ్డినుండి ఏటిలోనికి విడిచినది క్షణములో కొట్టుకొనిపోవునని పలువురు నమ్ముదురు. కాని ధవళేశ్వరమునకు దిగువ పాయలై చీలిన గోదావరి కోనసీమ అంచులకు వచ్చునప్పటికి సముద్రమునకు లోబడియుండును. దినమునకు రెండు మారులు పోటు నీటిని ఎగువకు నెట్టును. రెండు మారులు పాటు దానిని దించును. వేసవిలో పైనుండి వచ్చు ప్రవాహము సన్నగిల్లగా ఉప్పునీరు మఱింత లోనికి ఎగదన్నును. పాటువేళ ఒక పడవ విడిచిన మలినము పోటువేళ మరలివచ్చి, వేఱొక రేవున స్నానము చేయువారి దోసిట పడుటలో వింత యేమున్నది?

సముద్రము సర్వమును మ్రింగునను మాటయు చెల్లదు. 2003 సెప్టెంబరు 27 నుండి అమలులోనున్న, ఓడల కాలుష్యమును నివారించు మార్పోల్ అంతర్జాతీయ ఒడంబడిక నాలుగవ అనుబంధము, శుద్ధియంత్రము లేని పెద్ద ఓడలు నలియగొట్టి క్రిమిసంహారము చేసిన మలినమునైనను తీరమునకు 3 నాటికల్ మైళ్ల లోపల విడువరాదనియు, అట్లు చేయనిదానిని 12 మైళ్లు దాటినగాని విడువరాదనియు విధించినది. కడలికే ఇంత కట్టడి యుండగా, ఇరుగట్టుల ఇండ్లును కొబ్బరితోటలును గల ఏటికి ఎంత కట్టడి వలయును! మన 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టము కాలుష్య నివారణకు ప్రత్యేకముగ ఒక అధ్యాయమునే కేటాయించినది. పడవలో మలినపు ట్యాంకు అమర్చి, గట్టు చేరిన పిమ్మట తోడించి పంపుటయే ధర్మము. ఖర్చని వెనుదీయు యజమానిని నేను సమర్థింపజాలను.

ఇక త్రాగునీరు. వరదకాలపు ఎఱ్ఱనీటిలో పటిక త్రిప్పినను, చిల్లగింజ అరగదీసి కలిపినను, ఒండ్రు అడుగంటి పైనీరు అద్దమువలె తేరును. తేరిన నీరు శుద్ధమైనదనుట భ్రమ. కంటికి కానరాని క్రిములు అందు నిలిచియే యుండును. అట్లని తేర్చుట వ్యర్థమును కాదు: బురదనీటిలో వేసిన క్లోరిన్ బురదతోనే వ్యయమైపోవును గనుక, ముందు తేర్చి, పిదప క్లోరిన్ కలిపి, అరగంటయైన నిలిపి వాడవలయును. మరగించుట క్రిములను చంపును గాని ఉప్పును తీయదు. ఆవిరి పోయినకొలది ఉప్పదనము హెచ్చును. పోటునీటి పాయలో తిరుగు పడవ గట్టుమీది మంచినీటితోనే ట్యాంకు నింపుకొనవలయును. నింపెడి గొట్టపు కొన పడవ బల్లమీద, మరుగుదొడ్డి కడిగిన తడిలో పడియుండినచో క్లోరిన్‌పై భారము మోపి ప్రయోజనము లేదు. ఆ గొట్టము వేఱుగ నుండవలెను, దాని కొనకు మూత యుండవలెను.

దుర్గంధమునకు ఫినాయిలే మందనుకొనుట మఱియొక పొరపాటు. గాలి ఆడని ట్యాంకులో మలినము క్రుళ్లి కంపుకొట్టును. గాలిగొట్టము వెడల్పుగ, అడ్డులేక యున్న కంపు చాలవఱకు తగ్గును. ఘాటైన మందులు కంపును తగ్గించు సూక్ష్మజీవులనే చంపును. అంతకంటె భయంకరము, బ్లీచింగు పౌడరును ఆమ్లముతో కూడిన మరుగుదొడ్డి మందును కలుపుట: క్లోరిన్ వాయువు పుట్టి, ఇఱుకు గదిలోని మనిషికి ఊపిరాడనీయదు.

మరుగుదొడ్డి చిన్న గొట్టము పడవను ముంచునా యని నవ్వువారును కలరు. మరుగుదొడ్డి పళ్లెము నీటిమట్టమునకు దిగువనుండి, గొట్టము మట్టమునకు పైవఱకు వంపుతిరిగి శిఖరమున గాలికవాటము లేనిచో, ఏటినీరు దానంతట అదియే లోనికి లాగుకొని రాగలదు. రెండడుగుల లోతున ఒకటిన్నర అంగుళముల గొట్టము తెగినచో నిమిషమునకు నూరు లీటర్లకు పైగా నీరు చొచ్చును. రాత్రి అందఱు నిద్రించువేళ అది చాలును. పడవ లంగరు వేసిన పిమ్మట ఆ గొట్టపు కవాటమును మూయుట సరంగు పని, దానిని అతడు స్వయముగ చేతితో త్రిప్పి చూడవలయును.