మన దుమ్ముగూడెం ఏటీవీ: టీవీఎస్ ఎక్స్‌ఎల్

లక్షలు పోసి నాలుగు చక్రాల ఏటీవీ కొనక్కర్లేదండి. గోదారి ఇసుకకైనా, రేగడి బురదకైనా మనకి 99.7 సీసీ ఎక్స్‌ఎల్ 100 చాలు. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం అంటే, 20 లీటర్ల డబ్బాలు ముందొకటి, వెనకొకటి పెట్టుకుంటే ఐదు ట్రిప్పులు. వెనక స్టాండుకి ఇనుప పట్టీ వెల్డింగ్ చేయిస్తే డబ్బా జారదు. మూత మాత్రం గట్టిగా బిగించొద్దు, లోపల గ్యాస్ పడుతుంది.

ఒలికిన గోమూత్రం ఇనుముని తినేస్తుంది, ఆ రోజే కడిగేయాలి. చైను కిరోసిన్‌తో తుడిచి ఆయిల్ వేయండి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ము దులపండి.

అన్నిటికన్నా ముఖ్యం బ్రేకులు. వాగు దాటాక నెమ్మదిగా పోతూ రెండు మూడుసార్లు నొక్కి ఆరనివ్వండి. తడిసిన బ్రేకు దిగుడులో సరిగా పట్టదు, లోడుతో ఉంటే ప్రాణం మీదకొస్తుంది. ఎలా చేయాలో వీడియోలో చూపించాను, చూడండి.