పూడికతీత యంత్రాలలో హైడ్రాలిక్ ఆయిల్ లోపాలు: గుర్తింపు, నివారణ

దెందులూరు (ఏలూరు జిల్లా): గోదావరి పశ్చిమ డెల్టా కాలువలకు వేసవిలో నీటి సరఫరా నిలిపివేసినది మొదలు తిరిగి విడుదల చేయువరకు గల కొద్ది వారాలే పూడికతీతకు, గట్ల పటిష్ఠతకు, తూముల మరమ్మతులకు లభించే వ్యవధి. దెందులూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలో ఈ పనులకు గంటల లెక్కన అద్దెకు తెచ్చిన జె.సి.బి.లు, చిన్న పొక్లెయినులే ఆధారం. యంత్రం రెండు రోజులు నిలిచిపోయినచో యజమానికి అద్దె, ఆపరేటరుకు కూలి నష్టపోవుటయే గాక, మిగిలిపోయిన పూడిక ఆయకట్టు చివరి రైతుకు నీరందకుండా అడ్డుపడును. ఇట్టి నిలుపుదలలలో పెక్కింటికి మూలం హైడ్రాలిక్ ఆయిల్‌లో నీరు, మట్టి లేదా గాలి చేరుటయే. పంపు విప్పవలసిన దశ రాకముందే ఆయిల్‌ను చూచి వీటిని గుర్తింపవచ్చును.

ఆయిల్ చేయు పని

ఫ్రాన్సుకు చెందిన పొక్లెయిన్ సంస్థ 1951లో హైడ్రాలిక్ తవ్వకపు యంత్రాన్ని రూపొందించినది. ఆ సంస్థ పేరే నేడు మన గ్రామాలలో ఏ కంపెనీ తవ్వకపు యంత్రానికైనా వాడుక పేరుగా స్థిరపడినది. ఇంజను సహాయంతో పంపు ఆయిల్‌ను ఒత్తిడితో సిలిండర్లలోనికి పంపగా బూమ్, బకెట్టు కదలును. ఈ ఒత్తిడి చాలా యంత్రాలలో 200 బార్లు, అనగా వాతావరణ పీడనానికి సుమారు 200 రెట్లు దాటును. బలాన్ని చేరవేయుట, భాగాలు అరగకుండా కాపాడుట, వేడిని తీసుకొనిపోవుట అను మూడు పనులనూ ఒకే ఆయిల్ నిర్వహించును. అది చెడినచో మూడూ ఒకేసారి దెబ్బతినును.

కొల్లేరు పరిసరాలలో ప్రత్యేక సమస్య

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరుల నీటిని చేర్చుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే కొల్లేరు పరిసరాలలో యంత్రాలు నల్లబురదలో, గుర్రపుడెక్క, కిక్కిస నడుమ పనిచేయవలసి యున్నది. బురద అంటిన సిలిండర్ కడ్డీ లోనికి వెళ్ళునపుడు, సీలు అరిగియున్నచో సన్నని మట్టి, నీరు ఆయిల్‌లో కలియును. యంత్రాన్ని నీటి పంపుతో కడుగునపుడు టాంకు గాలిమూత గుండా, రాత్రి చల్లబడిన టాంకులో పట్టిన చెమ్మ వలన కూడా నీరు చేరును. గడ్డి, ధూళి ఆయిల్ కూలరును కప్పివేసినచో ఆయిల్ వేడెక్కును.

లక్షణములు, కారణములు

ఆయిల్ పాలవలె తెల్లబారినచో నీరు కలిసినట్లు భావింపవలెను. నురుగు కట్టి, పంపు నుండి గులకరాళ్ళు దొర్లినట్టి శబ్దం వచ్చినచో ఆయిల్ మట్టం తగ్గుటయో, పీల్చు గొట్టపు బిగింపు వదులై గాలి చేరుటయో కారణం. నల్లబడి మాడు వాసన వచ్చినచో అధిక వేడికి ఆయిల్ చెడినదని అర్థం. ఆయిల్ ఉష్ణోగ్రత సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దాటి కొనసాగినచో సీళ్ళు గట్టిపడి కారుట ఆరంభమగును. అనుమానం కలిగినపుడు కొంత ఆయిల్‌ను శుభ్రమైన గాజు సీసాలో తీసి ఒక రాత్రి కదల్చకుండా ఉంచినచో విడిగానున్న నీరు, మట్టి అడుగుకు చేరి కంటికి కనిపించును.

పరిశీలించవలసిన క్రమం

మొదట యంత్రాన్ని సమతల నేలపై నిలిపి, తయారీదారు పుస్తకంలో సూచించిన రీతిన బకెట్టును ఉంచి, ఆయిల్ మట్టం చూడవలెను. తరువాత రంగు, వాసన, కూలరు, ఫిల్టరు, గొట్టముల బిగింపు వరుసగా పరిశీలింపవలెను. అన్ని కదలికలూ మందగించినచో ఆయిల్, ఫిల్టరు లేదా పంపులో లోపముండును. ఒక్క బూమ్ లేదా ఒక్క బకెట్టు మాత్రమే మందగించినచో దాని సిలిండరును, వాల్వును చూడవలెను. ఉదయం చురుకుగా పనిచేసి, వేడెక్కిన పిదప నీరసించుట పంపు అరుగుదలకు గాని, ఆయిల్ పలుచబడుటకు గాని సూచన.

ఆయిల్ డబ్బాపై ఉండు 46, 68 వంటి అంకెలు 40 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని చిక్కదనాన్ని తెలుపును. తయారీదారు సూచించిన అంకెనే వాడవలెను. తెల్లబారిన ఆయిల్‌పై కొత్త ఆయిల్ పోయుట వలన ప్రయోజనం లేదు. నీరు చేరిన మార్గాన్ని మూసి, ఆయిల్‌ను, ఫిల్టరును మార్చుటయే సరియైన చర్య.

కారుచున్న చోటును చేతితో తడుమరాదు

సూదిమొన యంత రంధ్రం నుండి వెలువడు ఆయిల్ ధార చర్మాన్ని చీల్చుకొని లోనికి పోగలదు. గాయం చిన్నదిగా కనిపించినను కొద్ది గంటలలోనే చేతికి ముప్పు ఏర్పడవచ్చును. కారుబాటును అట్టముక్కతోనో, చెక్కతోనో దూరం నుండి పరిశీలింపవలెను. గొట్టం విప్పుటకు ముందు బకెట్టును నేలపై దించి, ఇంజను ఆపి, లివర్లను కదిల్చి ఒత్తిడిని విడుదల చేయవలెను. ఆయిల్ శరీరంలోనికి పోయినచో నొప్పి లేకున్నను వెంటనే శస్త్రచికిత్స సదుపాయం గల ఆసుపత్రికి తరలించి, లోనికి పోయినది హైడ్రాలిక్ ఆయిల్ అని వైద్యునికి తెలుపవలెను.

నీటి వనరుల రక్షణ

కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటింపబడినది. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరినది. దాని చుట్టూ శీలావతి, బొచ్చె చేపల చెరువులు విస్తరించి యున్నవి. పగిలిన గొట్టం నుండి కారిన ఆయిల్ నీటిపై పొరగా పరుచుకొని గాలిలోని ప్రాణవాయువు నీటిలో కలియుటను అడ్డుకొనును. వాడిన ఆయిల్ నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దానిని గట్టుపై పారబోయక, మూతగల డబ్బాలో సేకరించి, అనుమతి పొందిన శుద్ధి కేంద్రాలకే అప్పగింపవలెను.

పని ప్రారంభానికి ముందు యంత్రం క్రింద ఆయిల్ మరకలు, గొట్టముల పగుళ్ళు, ఆయిల్ రంగు పరిశీలించుటకు పది నిమిషములు చాలును. క్షేత్రస్థాయి ఇంజనీర్లు ఈ తనిఖీని ప్రతి ఉదయం జరిపించినచో కాలువకు నీరు వదలు నాటికి పని పూర్తియగును, చేయి పెట్టి పనిచేయు ఆపరేటరు క్షేమముగా ఇంటికి చేరును.