చేతికి తగిన తొడుగు

ఇంట నొకరికి జబ్బు చేసినపుడు మనము మొదట చేయు పని వారి కిష్టమైన దానిని మాన్పించుట. జ్వరము వచ్చినచో స్నానము, దగ్గు వచ్చినచో పెరుగు, కండ్లు నొచ్చినచో పుస్తకము మాన్పింతుము. కొన్నియెడల నది మంచిదే. కాని మాన్పించిన దానితోబాటు మఱియేమి పోవుచున్నదో కూడ గృహిణి గమనింపవలసి యున్నది. ఈ సంగతి నాకు మా వీథిలోని యొక బాలిక చేతులను చూచిన పిమ్మట తెలిసినది.

అమలాపురములో మా యింటికి రెండిండ్ల యవతల నొక కుటుంబము కలదు. ఇంటి యజమాని కువైటులో కారు నడుపుచున్నాడు. మన కోనసీమలో నిది వింత కాదు. జీవనోపాధికై గల్ఫు దేశములకు పోయిన పురుషులును స్త్రీలును లేని యూరు తక్కువ. ఆయనకు శుక్రవారము సెలవు. అచట మధ్యాహ్నము 3 గంటలైనపుడు మన కయిదున్నర. ఆ వేళకు 12 ఏండ్ల కుమార్తె ఫోను పట్టుకొని యరుగుపై కూర్చుండును. తండ్రీకూతుండ్రు కార్ల పందెపు వీడియో ఆట నాడుదురు, ఆడుచునే మాటలాడుకొందురు. ఊరక పిలిచి యడిగినచో “బాగున్నాను నాన్నా” యని తప్ప మఱొక మాట చెప్పని పిల్ల, ఆటలో నున్నపుడు బడిలో జరిగిన కలహములు, లెక్కలలో తగ్గిన మార్కులు అన్నియు చెప్పివేయును. ఆ గంటసేపు ఆ ముసలి యరుగు కువైటు వఱకు సాగునని నాకు తోచెడిది.

గడచిన వర్షకాలమున నా పిల్ల యరచేతు లెఱ్ఱబారినవి. వ్రేళ్ల ప్రక్కల సన్నని నీటిపొక్కులు లేచి, దురద పుట్టి, పిదప చర్మ మెండి పగిలినది. మామ్మగారు చూచి “తామర” యని తీర్మానించి, పిల్ల కంచము, గ్లాసు వేఱు చేసిరి. ఎవరో చెప్పిన యొక లేపనమును తెప్పించి పూసిరి. పది దినములు చల్లబడినట్లే యుండి, మానివేయగనే రెట్టింపైనది. “రాత్రింబవళ్లు ఆ ఫోను పట్టుకు వేళ్లాడితే చేతులు పాడవవా?” యని మామ్మగారు దానిని బీరువాలో పెట్టి తాళము వేసిరి. ఆ శుక్రవారము తల్లి ఫోనుకు కువైటు నుండి పిలుపు వచ్చినది. పిల్ల “బాగున్నాను నాన్నా” యని చెప్పి లోనికి పోయినదట. తల్లి యా మాట నాతో చెప్పుచు కొంగుతో కన్నులు తుడుచుకొన్నది.

రెండు వారములు ఫోను బీరువాలో నున్నను చేతులు మానలేదు. అపుడు చర్మవైద్యునికి చూపించితిమి. ఆయన నిదానముగ పరీక్షించి, ఇది ఎగ్జిమా యనియు, అంటువ్యాధి కాదనియు, కంచము వేఱు చేయ నక్కఱలేదనియు చెప్పెను. మామ్మగారు తలవంచుకొని, ఇంటికి వచ్చినంతనే ఆ గ్లాసును తక్కిన గ్లాసులలో కలిపివేసిరి.

రోగము తెలియక తొడుగు వలదు

మన యిండ్లలో తామర యను నొక్క పేరుతో రెండు మూడు వేర్వేరు వ్యాధులను పిలుచుచున్నాము. బూజుజాతి సూక్ష్మజీవి వలన వలయాకారముగ వ్యాపించు తామర యంటుకొనును. ఒకరి తువాలు, ఒకరి తొడుగు వేఱొకరు వాడరాదు. గజ్జియు నంటునదే, వ్రేళ్ల సందులలో రాత్రివేళ విపరీతముగ దురద పెట్టును. ఎగ్జిమా, సోరియాసిస్ అను నవి యంటవు. స్టెరాయిడు గల లేపనములను వైద్యుడు చెప్పిన చోట, చెప్పినన్ని దినములు వాడినచో మేలు చేయును. తెలియక బూజు తామరపై పూసినచో దురద తగ్గినట్లు తోచి, వ్యాధి లోలోపల వ్యాపించును. ఇట్టి 14 స్టెరాయిడు మందులను వైద్యుని చీటీ లేక అమ్మరాదని కేంద్రప్రభుత్వము 2018లో నిబంధన చేసినది. కావున తొడుగు కొనుటకు ముందు రోగమేదో తెలియవలెను. తొడుగు కాపాడునదియే కాని కుదుర్చునది కాదు.

మామ్మగారి యనుమానము పూర్తిగ నిరాధారమని మాత్ర మనరాదు. 2009లో జెనీవా నగర వైద్యులు 12 ఏండ్ల బాలిక వృత్తాంతమొకటి బ్రిటిషు చర్మవైద్య పత్రికలో ప్రకటించిరి. ఆమె యరచేతులయందు నొప్పితో కూడిన యెఱ్ఱని గడ్డలు లేచినవి. విచారింపగా ఆమె ప్లేస్టేషను కంట్రోలరును బిగబట్టి గంటలకొలది యాడుచున్నట్లు తెలిసినది. ఆట మాన్పించిన 10 దినములకు పూర్తిగ నయమైనది. బిగువు, రాపిడి, చెమట యీ మూడును కలిసి చర్మమున కెట్టి కీడు చేయునో దీనివలన తెలియుచున్నది. మన బాలికకు ఆట మూలకారణము కాకపోయినను, పగిలిన చేతికి ఆ మూడును ఉప్పు కారముల వంటివే. అందుచే వైద్యుడు ఆటను పూర్తిగ మాన్పింపక, సేపు తగ్గించి, మెత్తని నూలు తొడుగు వాడుమని సలహా యిచ్చెను.

నేను చేసిన పొరపాటు

తొడుగులు తెచ్చు పనిని నేను పైన వేసికొంటిని. గడియార స్తంభము వైపున నొక దుకాణములో నల్లని దళసరి గ్లౌజులు కనబడినవి. అరచేతివైపు రబ్బరు చుక్కలు, మణికట్టున బిగువు పట్టీ. చూపునకు సొగసుగ నున్నవి, వెలయు నెక్కువ. కావున మంచివే యనుకొంటిని. పిల్ల పావుగంట తొడిగి తీసివేసినది. చేతులు చెమటతో నానిపోయి, పట్టీ చోట నెఱ్ఱని గీత పడినది. చలిదేశముల వారికి కుట్టిన తొడుగు గోదావరి పాయల నడుమ, కొబ్బరితోటల యుక్కలో మన కేల పనికివచ్చును? ఆ తెలివి ముందే యుండవలసినది.

ఎంచుకొను విధము

పిమ్మట నేను తెలిసికొన్న సంగతులను సోదరీమణుల యుపయోగార్థము వ్రాయుచున్నాను.

మొదటిది గుడ్డ. అచ్చమైన నూలుగుడ్డ, పలుచనిది, తెల్లనిది శ్రేష్ఠము. ముదురు రంగుల యద్దకము కొందఱి చర్మమునకు పడదు. బడిలో కవాతు చేయు పిల్లలు ధరించు తెల్లని తొడుగులు బజారున దొరకును గాని, వానిలో ననేకములు నైలానువి. ఒక పోగు లాగి వెలిగించి చూచినచో తెలియును: నూలు కాగితమువలె కాలి బూడిద యగును, నైలాను కరగి పూసవలె గట్టిపడును. పట్టు వాడిన మంచిదని కొందఱందురు. 2017లో ప్రకటింపబడిన యొక యాంగ్ల పరిశోధనలో 300 మంది ఎగ్జిమా పిల్లలను ఆఱు నెలలు పరీక్షింపగా, పట్టు దుస్తుల వలన నదనపు లాభ మేమియు కనబడలేదు. ఆ పరిశోధన చొక్కాలు మొదలగు దుస్తులకు సంబంధించినదే యైనను, పట్టు పేరు చెప్పి వెల పెంచు వారి మాట నమ్మకుండుటకు మనకు చాలును.

రెండవది కొలత. గాజు లెక్కించునపుడు చేయి యెచట లావుగ నుండునో మనకు తెలియును. బొటనవ్రేలిని విడిచి ఆ కణుపుల చుట్టును దారముతో కొలువవలెను. నడిమివ్రేలి పొడవును కొలువవలెను. బిగువైనచో గీతలు పడును, చెమట పట్టును. వదులైనచో ముడతలు పడి పగుళ్ల నొరయును. సోరియాసిస్ గలవారు బిగువును మఱియు జాగ్రత్తగ మానవలెను. ఏలయన ఒరిపిడి తగిలిన చోటనే ఆ వ్యాధి క్రొత్తగ లేచుట కలదు. అరచేతు లూరక చెమర్చు వారికి వ్రేళ్లకొనలు లేని పలుచని నూలు తొడుగు హాయిగ నుండును.

మూడవది కుట్లు. వ్రేళ్ల ప్రక్కలనే పొక్కులు, అచటనే కుట్లు! పిల్ల తొడుగు తొడిగి మొగము చిట్లించినది. అపుడు మామ్మగారు “పురిటి బిడ్డ చొక్కాకి కుట్లు పైకే కదమ్మా పెడతాం, ఇది మాత్రం లోపలికెందుకూ?” యని తొడుగును తిరుగవేసి తొడిగిరి. ఎన్ని దుకాణములు తిరిగినను నాకు తోచని యుపాయ మది.

నాలుగవది వ్రేలికొన. మీటలు గల కంట్రోలరుతో నాడు వారికి ఏ గుడ్డయైనను చాలును. ఫోను అద్దమట్లు కాదు. అది నొక్కుడును గాక, విద్యుత్తును ప్రసరింపజేయు వ్రేలి స్పర్శను గుర్తించును. పొడినూలు విద్యుత్తును పోనీయదు గనుక అద్దము పలుకదు. దీనికి రెండు మార్గములు. బొటనవ్రేళ్ల కొనలు బాగున్నచో తొడుగు కొనలను మాత్రము కత్తిరించి, అంచును పైకి మడిచి సన్నముగ కుట్టవలెను. ఫోను ఆట లనేకములు బొటనవ్రేళ్లతోనే నడచును. ఆ కొనలే పగిలినచో, వెండిపూత గల దారము నేసిన కొనలున్న తొడుగులు, లేక వ్రేలికి మాత్రము తొడుగు చిన్న గొట్టములు ఫోను ఆటగాండ్ర కొఱకు అమ్ముచున్నారు, వానిని వాడవచ్చును. లోహములు పడనివారు మొదటి దినము కొద్ది నిమిషములే తొడిగి చూచుట మంచిది.

అయిదవది శుభ్రత. ఒక జత చాలదు. మూడు జత లుండవలెను. తడిసిన తొడుగు తొడుగు లేకుండుట కంటె చెఱుపు. పిల్ల 20 నిమిషము లాడి తొడుగు విప్పి, చేతుల నారనిచ్చి, కావలసినచో పొడిజత తొడుగును. విప్పిన వానిని ఘాటులేని సబ్బుతో నుతికి, సబ్బు మిగులకుండ రెండుమార్లు జాడించి యెండవేయవలెను. ఫోను వెనుకనున్న రబ్బరు తొడుగు కొందఱికి పడదు. దానిని కూడ తుడిచి, యనుమాన మున్నచో మార్చవలెను.

కొబ్బరినూనె వేళ

కొబ్బరి మనకు కల్పవృక్షము. దీని సంగతియు నొకటి చెప్పవలెను. 2014లో ఫిలిప్పీన్సు వైద్యులు 117 మంది ఎగ్జిమా పిల్లలకు, కొందఱికి పచ్చికొబ్బరి నుండి తీసిన నూనెను, కొందఱికి ఖనిజతైలమును 8 వారములు పూసి చూడగా, కొబ్బరినూనె పూసినవారికే యెక్కువ గుణము కనబడినది. ఐనను ఇది వైద్యుని మందునకు బదులు కాదు. చీము పట్టినను, పసుపువన్నె చెక్కు కట్టినను, జ్వరము వచ్చినను ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. నూనె గాని, వైద్యుడు చెప్పిన మెత్తపఱచు లేపనము గాని, ఆటకు ముందు పూయరాదు. తొడుగు జిడ్డగును, ఫోను జాఱును. గోరువెచ్చని నీట చేతులు కడిగి, మెల్లగ నద్ది, రాత్రి పండుకొనబోవునపుడు పూసి, వేఱొక నూలు జత తొడిగినచో తెల్లవాఱుసరికి చర్మము మెత్తబడును.

మన చేతుల మాట

కూతురి తొడుగులకు కుట్టు వేయుచున్న తల్లి చేతులను ఒకనాడు చూచితిని. వ్రేళ్ల కణుపులపై చీలికలు, గోళ్ల మొదళ్ల వాపు. “ఎన్నాళ్లనుంచి?” యని యడిగితిని. “అంట్లు తోముకునేవాళ్ల చేతులు ఇలాగే ఉంటాయి కదండీ” యన్నది. పిల్ల చేతికి వైద్యుడు, మూడు జతల తొడుగులు, ఇంటిల్లిపాది యాలోచన. తల్లి చేతికి ఆ యొక్క మాట! నీటిలో నానుటయు, తోముడు పొడియు చర్మమునకు ప్రబల శత్రువులు. తడిపనికి నూలు తొడుగు పనికిరాదు. లోపల పలుచని నూలుజత, పైన నీరు చొరని జత తొడిగి, 20 నిమిషములకు మించకుండ పని చేయవలెను. రబ్బరు కొందఱికి పడదు గనుక వారు వినైలు తొడుగులు వాడుట మేలు. ఆ మఱునాడు తల్లిని కూడ వైద్యుని కడకు తీసికొనిపోయితిమి.

పిల్ల చేతులు పూర్తిగ మానలేదు. ఎగ్జిమా తగ్గుచు హెచ్చుచు నుండు స్వభావము గలది. కాని పగుళ్లు పూడినవి. బీరువా తాళము తీసిన శుక్రవారము నేనును ఆ యరుగుపై నుంటిని. అయిదున్నర కాగానే పిల్ల తెల్లని తొడుగులు, కుట్లు పైకి, తొడిగి కూర్చున్నది. ఇరువది నిమిషములకు మామ్మగారే గడియారము చూచి, “చేతులు ఆరనియ్యవే, మీ నాన్న ఎక్కడికీ పోడులే” యనిరి. పిల్ల ఫోనును ఒడిలో పెట్టుకొని, చేతులు గాలికి చాచి, మాటలు మాత్ర మాపలేదు. నీటిపొక్కుల సంగతి, వేఱుచేసిన గ్లాసు సంగతి, అన్నియు తండ్రికి చెప్పుచునే యున్నది. మామ్మగారు విననట్లు వత్తులు చేసికొనుచుండిరి.

సోదరీమణులారా! జబ్బుచేసిన చేతినుండి దేనినైనను లాగుకొనుటకు ముందు, ఆ చేయి దేనిని పట్టుకొని యున్నదో యొక్కమాఱు చూడుడు. పిదప మీ చేతులను గూడ చూచుకొనుడు.